‘అమ్మాను’ అనని అంగడి

వైడూర్యపురి నడిబొడ్డున ఉన్న నవరత్న విపణిలోకి ఏనుగెక్కి వెళ్ళవచ్చు, పల్లకిలో వెళ్ళవచ్చు, ముంజేతి మీద డేగను కూర్చోబెట్టుకుని వెళ్ళవచ్చు. అడిగేవాడు లేడు. తుంగసీమ మనిషి మాత్రం చేతికి మువ్వ లేకుండా వెళ్ళకూడదు.

ముత్తెమకు ఆ సంగతి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలుసు. అందుకే దక్షిణ ద్వారం కావలివాడు నోరు తెరవకముందే కుడిచెయ్యి చాపింది. వాడు గంపలోంచి ఇత్తడి కడియం ఒకటి తీసి ఆమె మణికట్టుకు తొడిగి తాళం బిగించాడు. కడియానికి రేగిపండంత మువ్వ.

“ఎంతమంది?”

“ఇద్దరం బాబూ. ఈడు నా తమ్ముడు, మల్లిగాడు.”

తమ్ముడు ఆమెకన్నా జానెడు ఎత్తున్నాడు. మోకాళ్ళ పైకి ఎగగట్టిన నారపంచె, ఎండకు కమిలి నల్లబడిన ఒళ్ళు, జేగురురంగు జుట్టు. తుంగసీమలో అందరికీ జేగురు జుట్టే, పుట్టుకతో వచ్చేది. వీడిది మాత్రం నిన్న సాయంత్రం ముత్తెమ చండ్రచెక్క రసం పట్టించి తెప్పించిన జేగురు. ఆ రంగు కింద ఉన్నవాడు ఈ రాజ్యపు యువరాజు చిత్రభానుడు.

మూడు నెలల క్రితం మాంత్రికుడు ధూమకర్ణుడు మహారాజును మంత్రనిద్రలో ముంచి, సింహాసనం పక్కనే తన ఆసనం వేయించుకున్నాడు. అతడి చేతికి చిక్కకుండా పారిపోయిన యువరాజును తన పడవలో వల కింద దాచి ఏరు దాటించినవాడు ముత్తెమ తండ్రి ఏరన్న. ఆ కబురు ధూమకర్ణుడి చెవిన పడింది. అతడు మేడ మీద నుంచి కదలకుండానే ఏరన్న మీద శిలాశాపం విసిరాడు. పాదాల దగ్గర మొదలైన రాయి మోకాళ్ళెక్కింది, నడుమెక్కింది, ఈ ఉదయానికి రొమ్ముకు చేరింది. పొద్దుగూకే వేళకు గొంతుకు చేరుతుంది. ఆ తరువాత ఏరన్న ఉండడు, ఏటిగట్టున ఒక బండ ఉంటుంది.

శాపానికి విరుగుడు చంద్రగంధి వేరు. అది దొరికేది ఈ విపణిలో, మలయశెట్టి సుగంధాల అంగడిలో ఒక్కచోటనే.

దొంగిలించి తెచ్చేదయితే చిత్రభానుడే తెచ్చి ఉండును. ఆడపులి పడుకున్న గుహలోంచి దాని పిల్లను ఎత్తుకొచ్చినవాడికి అంగడి గోడ ఒక లెక్కా? కాని వేరు సంగతి చెప్పిన కొండ వైద్యురాలు గట్టిగా హెచ్చరించింది. దొంగిలిస్తే వేరు బూడిదవుతుంది. దానం పుచ్చుకున్నా బూడిదవుతుంది. రోగి రక్తం పంచుకు పుట్టినవాళ్ళు తమ చేత్తో వెల ఇవ్వాలి, అమ్మేవాడు తన నోటితో ‘అమ్మాను’ అని ఇవ్వాలి. అప్పుడే వేరు పచ్చగా నిలుస్తుంది.

వినడానికి ఎంత తేలిక! వైడూర్యపురిలో ఏ అంగడిలోనైనా వర్తకుడు సరుకును రెండు చేతులా అందిస్తూ “అమ్మాను” అంటాడు. కొన్నవారు “కొన్నాను” అంటారు. అలా అన్నాక సరుకు మంచిచెడ్డలకు వర్తకుడిదే పూచీ. ఆరు నెలల తరువాత వచ్చి నిలదీసినా జవాబు చెప్పాలి. అందుకే తుంగసీమ వాళ్ళతో ఏ వర్తకుడూ ఆ మాట అనడు. సొమ్ము పుచ్చుకుంటాడు, సరుకును గుమ్మం పక్క చెక్క మీదికి విసురుతాడు. ముత్తెమ తన ఇరవై రెండేళ్ళలో ఈ ఊళ్ళో ఉప్పు కొంది, సూదులు కొంది, తండ్రికి కంబళి కొంది. ఆ మాట ఒక్కనాడూ ఆమె చెవిన పడలేదు.

ఇవాళ పడాలి. అదీ మధ్యాహ్నపు నగారా మోగేలోగా. ఇక్కడి నుంచి ఏరన్న దగ్గరకు పడవ మీద రెండు జాముల ప్రయాణం.

“ఒరే మల్లిగా,” అంది ముత్తెమ, ద్వారం దాటగానే గొంతు తగ్గించి. యువరాజును ఒరే అనడానికి నిన్న ఆమెకు నోరాడలేదు. ఇప్పుడు సరదాగానే ఉంది. “బాగా ఇను. మువ్వ మోగుతా ఉండాల. నడిసినా మోగాల, నిలబడినా మోగాల. మోగుతున్నంతసేపూ సెట్టికి ధైర్నం. ఆగిందా, ఆడి గుండె ఆగిపోద్ది.”

“ఊఁ.”

“సేతులు బొడ్డుకి పైన, రొమ్ముకి కింద. ఏ సరుకునైనా మూడు లెక్కెట్టినంతసేపే సూడు. అసలు సూడకుండా ఉండకు, ‘ఎందుకొచ్చినట్టు?’ అంటారు.”

“ఇదంతా ఎవరు నేర్పారు నీకు?”

“మాయమ్మ. నడక నేర్పింది, ఎంటనే ఇది నేర్పింది.”

చిత్రభానుడు తన మణికట్టు వంక చూసుకున్నాడు. “రోజూ ఇంతేనా?”

“సీ, రోజూ ఎందుకు? జాతర రోజుల్లో రెండు సేతులకీ కడతారు.”

అతడు నవ్వబోయి ఆగిపోయాడు. ఎదురుగా విపణి మొదటి స్తంభం. దానికి తన చిత్రపటమే వేలాడుతోంది. పట్టి ఇచ్చినవారికి వేయి గోవులని కింద రాసి ఉంది. పటం కింద నలుగురు భటులు నిలబడి, వచ్చే పోయే ప్రతి యువకుడి మొహాన్నీ పటంతో పోల్చి చూస్తున్నారు. ఒక పట్టుబట్టల వర్తకుడిని ఆపారు. ఒక బ్రాహ్మణ విద్యార్థిని ఆపి గడ్డం పట్టుకుని వెలుగుకు తిప్పారు. చిత్రభానుడు వాళ్ళ ముందునుంచి మువ్వ మోగించుకుంటూ నడిచాడు. నాలుగు జతల కళ్ళూ అతడి చేతుల మీద వాలాయి. ఒక్క చూపూ మోచెయ్యి దాటి పైకి రాలేదు.

“సెప్పలేదా?” అంది ముత్తెమ. “మా మొకాలు ఎవురికి కావాల?”

ఆ వేషం ఆలోచన ఆమెదే.

నవరత్న విపణి ఆ పూట పెళ్ళికూతురిలా ఉంది. వీధికి ఆ చివరినుంచి ఈ చివరి దాకా పసుపు, చిలకపచ్చ పందిళ్ళు. పందిళ్ళ చిల్లుల్లోంచి దిగిన ఎండ నేల మీద బంగారు కాసులు జల్లినట్టు పడుతోంది. ఒక పక్క పగడాల కుప్పలు, ఇంకో పక్క నెమలికన్నులు అద్దిన అద్దాలు. పైన తాళ్ళకు వేలాడే పంజరాల్లో మాటలు నేర్చిన గోరువంకలు, “రండి రండి, దయచేయండి!” అని దారిన పోయేవాళ్ళందరినీ పిలుస్తున్నాయి. తుంగసీమ వాళ్ళను చూసి నోరు మూసుకోవడం వాటికింకా ఎవరూ నేర్పలేదు.

మనుషులు నేర్చారు. ముత్తెమ నడుస్తుంటే ఆమెకన్నా నాలుగడుగుల ముందు గాజుల పెట్టెలకు మూతలు పడ్డాయి. మిఠాయి కొట్టు ఆవిడ పళ్ళెం మీద విస్తరి కప్పింది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ పోపొమ్మనలేదు. వాన వచ్చేట్టుంటే ఆరేసిన బట్టలు తీసినట్టు, చేసే పని చేసుకుంటూనే చేశారు.

మలయశెట్టి అంగడి వీధి మొగలో ఉంది. గడపకు చందనం చెక్క, ద్వారబంధాలకు ఏనుగు దంతం. లోపల వెయ్యిన్నొక్క గాజుబుడ్లు, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క రంగు. మల్లెల అత్తరు, మంచుకొండల జవ్వాది, సముద్రం కక్కిన అంబరు, తొలివాన పడ్డ మట్టిని వడగట్టి తీసిన సుగంధం. గోడవార మనిషి లోతు నూనె జాడీలు, మూలన మనిషి పొడుగు చందనపు దుంగలు. వాటి మధ్య పరుపు మీద మలయశెట్టి తెల్లటి తలపాగాతో, తేనెలో ముంచిన గొంతుతో కూర్చుని ఉన్నాడు. చెడ్డవాడని పేరు లేదు. నలభై ఏళ్ళుగా అతడి తక్కెడ గురిగింజ ఎత్తు కూడా అటూ ఇటూ ఒరగలేదని ఊరంతా చెప్పుకుంటుంది.

వాళ్ళిద్దరూ గడప దాటగానే ఒక లావుపాటి మనిషి గోడ విడిచి వచ్చి ముత్తెమ వీపు వెనక నిలబడ్డాడు. వాడి పేరు గుమ్మడు. తుంగసీమ వాళ్ళు కొట్లో ఉన్నంతసేపూ వాళ్ళ వెనకే నడవడం వాడి ఉద్యోగం. ముత్తెమ ఎడమకు జరిగితే వాడు ఎడమకు జరిగాడు. ఆమె ఆగితే ఆగాడు. పొద్దున తిన్న వెల్లుల్లి కారం వాసన ఆమె మెడకు తగులుతోంది.

“సెట్టిగారూ...” అంది ముత్తెమ.

“ఉండమ్మా. చూస్తాను.”

ఉంది. ఆమె వెనక వచ్చిన ఒక గుర్రపురౌతు పన్నీరు కొనుక్కుని వెళ్ళిపోయాడు. వాడి వెనక వచ్చిన పురోహితుడు కర్పూరం కొనుక్కున్నాడు. “అమ్మాను.” “కొన్నాను.” తరువాత పల్లకి దిగి ఒక సామంతుడి భార్య వచ్చింది. ఆమెకు పరుపు వేశారు, పానకం ఇచ్చారు. ఆమె పది బుడ్ల మూతలు తీసి వాసన చూసి, ఏదీ బాగాలేదంది. ఆమె చేతి కంకణాలు గలగలమంటున్నా ఎవరూ అటు చెవి పెట్టలేదు.

ముత్తెమ మణికట్టు ఆడిస్తూనే ఉంది. ఘల్. ఘల్. ఘల్. పందిట్లోంచి పడే ఎండ నేల మీద బెత్తెడు జరిగింది.

అప్పుడు చిత్రభానుడు తప్పు చేశాడు. అది రాజభవనంలో పెరిగినవాడు తప్ప మరొకడు చెయ్యలేని తప్పు. సామంతుడి భార్య ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. పెద్దింటి స్త్రీ మాట్లాడేటప్పుడు చప్పుడు చేయకూడదని అతడికి ఉగ్గుపాలతో నేర్పారు. మర్యాదకని ఎడమచేత్తో మువ్వను అదిమి పట్టుకున్నాడు.

ఒక మువ్వ ఆగిపోయింది.

మలయశెట్టి చేతిలో తక్కెడ అలాగే నిలిచిపోయింది. సామంతుడి భార్య మాట మధ్యలో ఆగి మెడలోని హారం పట్టుకుంది. గుమ్మడు ఒక్క గెంతులో వచ్చి చిత్రభానుడి రెండు చేతులూ వెనక్కి విరిచాడు.

“ఏం తీశావురా?”

“నేను... నేనేటీ తియ్యలేదు,” అన్నాడు చిత్రభానుడు, ముత్తెమ యాసను పట్టుకోవడానికి తంటాలు పడుతూ. గుమ్మడిని ఒంటిచేత్తో ఎత్తి జాడీలో ముంచగల బలం ఉండి కూడా, ముత్తెమ కళ్ళెర్ర చేయడంతో కదలకుండా నిలబడ్డాడు.

“శెట్టిగారూ, కస్తూరి భరిణె లేదు!” అని అరిచాడు గుమ్మడు. “ఇందాక ఈ బల్ల మీదే ఉంది!”

పంచె దులిపించారు. జుట్టు విప్పించారు. నోరు తెరిపించి నాలుక కింద చూశారు. ముత్తెమను గోడ వైపు తిప్పి కొంగు దులపమన్నారు. ఆమె దులిపింది. కొంగుముడిలో బఠాణీ గింజంత ముత్యం ఒకటి ఉంది, భరిణె లేదు. గుమ్మడు జాడీల వెనక కూడా వెతికాడు.

“అయ్యో, ఇదేనా మీరు వెతికేది?” అంది సామంతుడి భార్య, తన ఒడిలోంచి వెండి భరిణె పైకి తీస్తూ. “వాసన చూసి ఎప్పుడు దోపుకున్నానో! మతి ఉండడం లేదు ఈ మధ్య.”

మలయశెట్టి మనసారా నవ్వాడు. “తమ ఇంటికి పంపిద్దామనే అనుకున్నానమ్మా.” గుమ్మడు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. చిత్రభానుడి చేతులు వదిలేశారు. ఎవరూ ఏమీ అనలేదు. అనవలసింది ఒకటి ఉందని అక్కడ ఎవరికీ తోచలేదు.

“ఒరే, మోగించు,” అంది ముత్తెమ పళ్ళ బిగువున. తరువాత శెట్టి వైపు తిరిగింది. “సెట్టిగారూ, చంద్రగంధి ఏరు కావాలండి.”

ఈసారి శెట్టి ఆమె వంక చూశాడు. అంటే, ఆమె చేతుల వంక. “దాని వెల తెలుసా నీకు?”

ఆమె ముత్యం అరచేతిలో పెట్టి చూపించింది. ఊరంతటి ఎండనూ తాగి నీటిబొట్టంత చల్లగా మెరిసే ఏటి ముత్యం. శెట్టి కనుబొమలు తలపాగా అంచుదాకా లేచాయి.

“ఎక్కడిదే ఇది?”

“ఏటిదండి. మునిగి తీశాను.”

“ఎవరింట్లో మునిగావు?” అన్నాడు గుమ్మడు. సామంతుడి భార్య పమిట అడ్డం పెట్టుకుని కిలకిలలాడింది.

“మీ ఇంట్లో మునిగితే సేపపొలుసు కూడా దొరకదు కదన్నా,” అంది ముత్తెమ. ఈసారి పానకం తెచ్చిన పనిమనిషి కిసుక్కుమంది.

మలయశెట్టి ముత్యాన్ని వెలుగులో తిప్పాడు, పంటితో కొరికాడు, నీళ్ళలో వేసి తీశాడు. అసలుదే. వెండిపెట్టె తెరిచాడు. లోపల తడిగుడ్డలో మూడు వేర్లు, లేత చిగురుల్లా పచ్చగా ఉన్నాయి.

“సెట్టిగారూ, ఒక్క మాట,” అంది ముత్తెమ. “ఇది మా అయ్యకి మందండి. ‘అమ్మాను’ అని ఇయ్యాల. లేకపోతే పనిసెయ్యదంట.”

“బేరం మాటా? నీకా?” శెట్టి కోప్పడలేదు. పిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. “చూడమ్మా, నువ్వు మంచిదానివే కావచ్చు. నేను నిన్ను ఏమీ అనడం లేదు. రేపు సరుకు బాగాలేదని నీ వాళ్ళు పదిమంది నా గుమ్మమెక్కితే? మా తాతనాటి నుంచీ నియమం ఇదే.” ముత్యం పిడికిట్లోకి పోయింది. వేరొకటి చెక్క మీద టప్పున పడింది.

ముత్తెమ దాన్ని తీసుకుంది. ముట్టుకున్న చోట నల్లబడింది, అక్కడి నుంచి మసి పాకింది, ఆమె ఊపిరి తగిలి వేళ్ళ సందుల్లోంచి బూడిదై రాలింది.

సామంతుడి భార్య పరుపు మీద వెనక్కి జరిగింది.

“చేతబడి!” అని గుమ్మడు కేకపెట్టి మెడలోని కొమ్ముబూర ఊదాడు.

బూర చప్పుడు ఆగకముందే గుర్రపు డెక్కలు వినిపించాయి. దండనాయకుడు వక్రబాహుడు పదిమంది భటులతో లోపలికి వచ్చాడు. ధూమకర్ణుడికి కుడిభుజం వాడు. వాడి భుజం మీద ఇనుపముక్కు గద్ద ఒకటి రెక్కలు ముడుచుకుని కూర్చుని ఉంది.

“ఏం పోయింది?”

“ఏమీ పోలేదు ప్రభూ,” అన్నాడు గుమ్మడు. “పోబోయింది.”

“చేతులు చూపండి.”

ముత్తెమ చూపించింది. గడవేసి గడవేసి కాయలు కాసిన చేతులు, వలతాళ్ళు కోసిన చారలు. వక్రబాహుడు ముందుకు జరిగాడు. చిత్రభానుడి చేతులు వెలుగుకు తిప్పాడు. చూపుడువేలి మొదట కత్తిపిడి కాయ. ఉంగరపు వేలి చుట్టూ ఎండ తగలని తెల్లటి పట్టీ. రాజముద్రిక నిన్నటిదాకా ఉన్న చోటు అది.

అప్పుడు, ఆ ఉదయం ఆ ఊళ్ళో మొదటిసారిగా, ఒక మనిషి చిత్రభానుడి మొహంలోకి చూశాడు.

“యువరాజా!” అన్నాడు వక్రబాహుడు. ఆ వెంటనే గద్దను గాలిలోకి వదిలాడు. అది పందిరి చీల్చుకుని ధూమకర్ణుడి మేడ వైపు బాణంలా దూసుకుపోయింది.

మొదటి కత్తి లేచేసరికి చిత్రభానుడి చేతిలో చందనపు దుంగ ఉంది. దాని దెబ్బకు ఇద్దరు భటులు గాజుబుడ్ల అర మీద పడ్డారు. నూటయాభై సుగంధాలు ఒక్కసారిగా నేల మీద పారాయి. మూడోవాడు మల్లెనూనె మీద జారి, సామంతుడి భార్య పరుపు మీద పడి, ఆమె చేత పానకం చెంబుతో దెబ్బలు తిన్నాడు. నాలుగోవాడి మొహాన చిత్రభానుడు వసకొమ్ము పొడి గుప్పెడు కొట్టాడు. వాడు తుమ్ముతూ తుమ్ముతూ గుమ్మడి మీదికే కత్తి దూశాడు. గుమ్మడు నూనె జాడీలో దూరి మూత వేసుకున్నాడు.

తలుపు దారి ఖాళీగా ఉంది. ముత్తెమ కదలలేదు. ఆమె శెట్టి బల్ల ముందు నిలబడి, రెండు చేతులూ చాపి, పగిలిన గాజుముక్కలు తలమీద రాలుతుంటే అడుగుతోంది.

“సెట్టిగారూ, అమ్మండి.”

బల్ల కింద దాక్కున్న మలయశెట్టి పెట్టెలోంచి రెండో వేరు తీసి విసిరాడు. “తీసుకుపో! ఊరికే తీసుకుపోవే తల్లీ! నా అంగడి వదిలి పొండి!”

అది ఆమె అరచేతిలో పడీపడగానే బూడిదయింది.

“ఊరికే ఎవురడిగారండీ? ముత్యం ఇచ్చాను కదా!”

“శెట్టీ!” అని దుంగ తిప్పుతూనే అరిచాడు చిత్రభానుడు. “ఆ మాట అంటావా, దీనితో అనిపించమంటావా?”

“నువ్వుండు!” అని కసిరింది ముత్తెమ. “కొట్టి అనిపిస్తే అది దోపిడీ. అదీ బూడిదే అవుద్ది.” బల్ల కిందికి వంగింది. శెట్టి మొహం ఆమె మొహానికి ఎదురుగా వచ్చింది. “సెట్టిగారూ, పెట్టెలో ఒక్కటే ఉంది. ఇది పోతే మా అయ్య రాయైపోతాడు. నా ముత్యం మీ పిడికిట్లో ఉంది, నా సేతిలో మసుంది. పొద్దున్నించీ ఈ అంగట్లో సొమ్ము పుచ్చుకుని సరుకియ్యనోళ్ళు ఒక్కరే. ఆరి సేతికి మువ్వ లేదు.”

మలయశెట్టి తన పిడికిలి వంక చూసుకున్నాడు. అది ఇంకా బిగిసే ఉంది. వేళ్ళ మధ్య నుంచి ముత్యం తెల్లగా కనిపిస్తోంది.

“అమ్...” అన్నాడు. నలభై ఏళ్ళలో రోజుకు వందసార్లు అన్న మాట గొంతుకు అడ్డంపడింది.

“ఇనపళ్ళేదండి.”

ఒక కత్తి వచ్చి బల్లలో దిగింది. శెట్టి దాని పక్కనుంచి పైకి లేచాడు. తలపాగా సర్దుకున్నాడు. ఎందుకు సర్దుకున్నాడో అతడికే తెలియదు, బేరం మాట అనేముందు సర్దుకోవడం అలవాటు. మూడో వేరును తడిగుడ్డతో సహా రెండు చేతుల్లోకీ తీసుకుని చాపాడు.

“అమ్మాను.”

“కొన్నానండి,” అంది ముత్తెమ.

“సంతోషం,” అన్నాడు శెట్టి, నాలుక దానంతటది కదిలినట్టు. “మళ్ళీ దయచేయండి.”

వేరు ఆమె చేతిలో బూడిద కాలేదు. ఈనెలు ఉబ్బాయి, పచ్చదనం చిక్కనయింది, నూటయాభై సుగంధాల మధ్య నుంచి వెన్నెల తడిసినట్టు ఒక చల్లటి వాసన లేచింది. ముత్తెమ దాన్ని బొడ్లో దోపి, “మల్లిగా, పద!” అని అరిచి గడప మీద నుంచి ఎగిరి వీధిలో పడింది.

ఇద్దరూ పరుగెత్తారు. పగడాల కుప్పలు చెదిరాయి, పంజరాలు ఊగాయి, గోరువంకలు “దయచేయండి, దయచేయండి!” అని అరిచాయి. వెనక వక్రబాహుడి గుర్రాలు. పందిళ్ళ కింద జనంలో కలిసిపోవచ్చు, కాని మణికట్టు మీద తాళం వేసిన మువ్వలు అడుగడుక్కీ మోగుతున్నాయి.

“మువ్వలు! మువ్వల చప్పుడు వెంట పొండి!” అని అరుస్తున్నాడు వక్రబాహుడు.

బస్తాల వీధి మలుపులో ముత్తెమ ఒక్క క్షణం ఆగి, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని కొంగ అరిచినట్టు ఈల వేసింది. ఏటి మీద పడవ మునుగుతుంటే తుంగసీమ వాళ్ళు వేసే ఈల అది. బియ్యం బస్తా మోస్తున్న ముసలివాడు బస్తా దించాడు. చేపల గంప ఆవిడ గంప దించింది. వీధులూడ్చేవాళ్ళు, చాపలల్లేవాళ్ళు, బండ్లు తోలేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ కుడిచేతులు పైకెత్తి ఆడించారు. నవరత్న విపణి నాలుగు మూలలా, మేడ కిందా మిద్దె వెనకా, వందల మువ్వలు ఒక్కపెట్టున మోగాయి. గుర్రాలు నాలుగు దిక్కులకూ తిరిగి బెదిరిపోయాయి.

“ఇంతమంది ఉన్నారా మీవాళ్ళు ఇక్కడ?” అన్నాడు చిత్రభానుడు ఆయాసంతో.

“మీ ఊరు ఎవురు నడుపుతున్నారనుకున్నావు?” అంది ముత్తెమ. “పరిగెత్తు!”

కోటగోడ కింద మురుగుకాలువ గుండా పాకి, ఆవలి కంపలు దాటి ఏటిగట్టు ఎక్కేసరికి వెనక ఊళ్ళో మధ్యాహ్నపు నగారా మోగడం మొదలయింది. వేళకే వచ్చారు. ముత్తెమ గట్టు మీద నుంచి కిందికి చూసి, చూసిన చోటే నిలబడిపోయింది.

పడవ ఉంది. ఏరు లేదు.

ఇనుపముక్కు గద్ద తన పని చేసింది. ధూమకర్ణుడు మేడ మీద నుంచి ఒక్క గుటకలో ఏటిని తాగేశాడు. పొద్దున నిండుగా పారిన కోసెడు వెడల్పు నీటి చోట నల్లటి బురద నిగనిగలాడుతోంది. పడవ పక్కకు ఒరిగి పడి ఉంది. చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. బురద మధ్యలో, నీళ్ళు పోయి దిక్కుతోచక, ముప్పయి నలభై మొసళ్ళు ఒకదానినొకటి ఒరుసుకుంటూ బారుగా పడి ఉన్నాయి. ఎగువకు చూసినా అవే, దిగువకు చూసినా అవే.

వెనక గుర్రాలు కంపలు తొక్కుకుంటూ వస్తున్నాయి. వక్రబాహుడి గొంతు వినిపిస్తోంది.

“కత్తి ఒకటి లాక్కుని రావలసింది,” అన్నాడు చిత్రభానుడు. దుంగ ఇంకా అతడి భుజం మీదే ఉంది.

“కత్తెందుకు? ఆ గట్టెక్కితే పొద్దుగూకేలోగా పరుగు మీద అయ్య కాడికి సేరతాం. దుంగ అడ్డంగా పట్టుకో. దిగబడితే తేలుస్తది.” ముత్తెమ చీర మోకాళ్ళ పైకి దోపుకుంది. బొడ్లో వేరును ఒకసారి తడిమి చూసుకుంది. తడిగా, చల్లగా, పచ్చగా ఉంది. “నా అడుగు పడిన సోటే అడుగెయ్యి. ఆగకు. ఆగినోడిని బురద ఒదలదు. మొసలి ఈపు మీదైతే కాలు దిగదు, మెడకాడ మాత్రం తొక్కకు.”

“మొసలి వీపు మీదా?”

ఆమె అప్పటికే గట్టు దిగింది. బురద చీలమండ దాటి పట్టుకోబోయేలోగా రెండో కాలు, అది దిగబడేలోగా మూడో అడుగు. అన్నిటికన్నా పెద్ద మొసలి చప్పుడు విని ఇటు తిరిగింది, నోరు బార్లా తెరిచింది. ముత్తెమ పరుగు ఆపలేదు. దాని దవడ అంచు మీదుగా గెంతి, వీపు మీద కాలు మోపింది.